ఆమోదిత సంచి

సంచి కొనడం మీకు తేలిక. బజారుకెళ్తారు, నాలుగు చూస్తారు, బేరమాడతారు, ఒకటి భుజాన తగిలించుకుని ఇంటికొస్తారు. ఇంట్లో ఆవిడ "దీనికింత తగలేశారా" అంటుంది, మీరూ ఓ మాటంటారు, అక్కడితో సరి. ప్రభుత్వం అలా కొనలేదు. ప్రభుత్వానికి ఇంట్లో ఆవిడ ఉండదు, ఆడిట్ ఉంటుంది. ఈ తేడా తెలియనివాళ్ళే మా ఆఫీసు గురించి అవాకులూ చవాకులూ పేలుతున్నారు. ఒక పేపరువాడు కార్టూను కూడా వేశాడు. అందులో నా పొట్ట అంత లావుగా వేయాల్సిన పనిలేదు. అందుకని జరిగింది జరిగినట్టు చెబుతాను, ఆపైన మీ ఇష్టం.

మాది జిల్లా ప్రచార కార్యాలయం. నేను అక్కడ సూపరింటెండెంటుని. పెద్దలు రిబ్బను కత్తిరిస్తుంటే ఫొటో తీయించడం, కత్తిరించాక చప్పట్లు కొడుతుంటే ఇంకోటి తీయించడం మా విధి. ఆ విధి నిర్వహణలోనే మా పాత కెమెరాని, చీరల కొట్టువాళ్ళిచ్చిన గుడ్డసంచిలో పెట్టి, మొక్కలు నాటే కార్యక్రమానికి పడవలో గోదావరి దాటిస్తుంటే ఏటి నడిమధ్యలో సంచి చెవి తెగింది. కెమెరా మునిగింది. సంచి మాత్రం తేలింది.

ఆడిట్‌వాళ్ళు మా మీద నిప్పులు చెరిగారు. ఇకమీదట అలా జరక్కుండా మేమొక నిబంధన తయారుచేశాం. "కార్యాలయ ఆవరణ వెలుపల ఉన్నంతసేపూ కెమెరా ఆమోదిత సంచిలోనే ఉండవలెను." ఆ వాక్యం నాది. ముఖ్యంగా ఆ 'ఉన్నంతసేపూ' నాది. మా జాయింట్ డైరెక్టరు పట్టాభిరామారావు గారు దాన్ని రెండుసార్లు చదివించుకుని, "ఎక్కడా సందు లేదయ్యా" అని మెచ్చుకున్నారు. ఆయన ఊరికే ఎవర్నీ మెచ్చుకునే మనిషి కాదు.

కొత్త కెమెరా వచ్చింది. సంచి రాలేదు. కెమెరాకి పద్దు వేరు, సంచికి పద్దు వేరు. కెమెరాని బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి నా దగ్గర ఉంచుకున్నాను. సరిగ్గా అప్పుడే గోదావరికి వరదొచ్చింది. ఆ వచ్చేదేదో సంచి కొన్నాక రావచ్చు కదా.

ఏటి మధ్యనున్న బుల్లెమ్మలంకలో మట్టిగోడల ఇళ్ళు చాలా కూలిపోయాయి. కూలినవాళ్ళకి సర్కారు సాయం అందాలంటే కూలిన ఇంటి ఫొటో ఉండాలి, అదీ సర్కారు కెమెరాతో తీసింది. ఫోన్లో తీసినవి చెల్లవు. వెనకటికి ఏదో ఊళ్ళో ఒకే కూలిన గోడ ముందు ఊరంతా వంతులవారీగా నిలబడి ఫొటోలు దిగారట. అంతేకాదు, ఫొటో తీసేదాకా ఇంటికి మరమ్మతు చేయకూడదు. గోడ ఎలా పడిందో అలాగే ఉండాలి. ఇందులో తప్పేముందో నాకు ఇప్పటికీ బోధపడదు.

నీళ్ళు తీశాక ఒకావిడ మా ఆఫీసుకొచ్చింది. చెప్పులు గుమ్మం బయట విడిచి, నా బల్ల ముందు నిలబడింది.

"మాది బుల్లెమ్మలంకండి. గుబ్బల సత్యవేణండి నా పేరు. ఫొటోకి ఎప్పుడొత్తారో కనుక్కుని పోదామని."

"సంచి రాగానే వస్తాం."

"ఏం సంచండి?"

"కెమెరా పెట్టుకునే సంచి."

ఆవిడ తన చేతిలో ఉన్న సంచిలోంచి టిఫిను డబ్బా, మడిచిన గొడుగు తీసి నేలమీద పెట్టి, ఖాళీ సంచి నా ముందుకు చాపింది. "ఇది అట్టుకెళ్ళండి. మొన్న సంతలో కొన్నానండి, గట్టిదే."

"ఇది ఆమోదితం కాదమ్మా."

ఆమోదితం అంటే ఏమిటో ఆవిడకి తెలియలేదు. పోనీలే అని ఊరుకోకుండా తన గోడు మొదలుపెట్టింది. కూతురు గంగాభవానికి నెలలు నిండుతున్నాయట. తొలికాన్పు కాబట్టి పుట్టింట్లోనే పురుడు పోయాలి. వియ్యాలవారు నేడో రేపో పంపించేస్తారు. ఇంటికేమో దక్షిణం గోడ లేదు.

"గోడ లేని ఇంట్లో బాలింతనెలా ఎట్టుకోనండి? డబ్బులు మీరు ఎప్పుడిచ్చినా సరేనండి. ఆ ఫొటో ఒక్కటి తీసేత్తే నా పాటికి నేను గోడెట్టుకుంటాను. మట్టి కూడా తొక్కించేసి ఉంచానండి."

"ఫొటో తీసేదాకా పెట్టకూడదు."

"పోనీ తడికలు కట్టుకోవచ్చాండి?"

"తడిక కడితే నష్టం కనబడదు. నష్టాన్ని దాచడం నేరం కిందికి వస్తుంది" అన్నాను. ఆవిడ మంచికే చెప్పాను. ఆవిడ నా వైపు ఓసారి చూసి, డబ్బా గొడుగు మళ్ళీ సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఇక మా ఫొటోగ్రాఫరు ప్రభుదాసు సంగతి. మంచివాడే. కానీ కొందరికి తాగుడు, కొందరికి పేకాట, ఇతనికి కెమెరా సంచులు. ఏ సంచి కావాలో చెప్పవయ్యా అని పట్టాభిరామారావు గారి ముందు నిలబెడితే గంటసేపు చెప్పాడు.

"ఒంటి భుజం బ్యాగైతే చటుక్కున తీయొచ్చండి. కానీ సాయంత్రానికి భుజం ఒంగిపోద్ది. వీపుకి తగిలించుకునేదైతే బరువు తెలీదండి. కానీ లెన్సు కావాలంటే దింపాలి, దింపి జిప్పు లాగేలోపు మంత్రిగారు రిబ్బను కత్తిరించేసి కారెక్కేత్తారు. నడుముకి కట్టుకునేదుంది, అందులో మన పెద్ద లెన్సు పట్టదు. చక్రాలదుంది, అది లంకల్లో ఇసకలో దొర్లదు."

"అన్నీ కలిసొచ్చేది ఉండదా?" అన్నారు పట్టాభిరామారావు గారు.

"దాన్ని కనుక్కున్న ఫొటోగ్రాఫరు ఇంకా పుట్టలేదండి. మా మావయ్యకి అటక నిండా బ్యాగులేనండి. కెమెరా ఒక్కటే."

పట్టాభిరామారావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన కళ్ళజోడు తుడిచారంటే కమిటీ పుట్టబోతోందని మాకు తెలుసు. "ఒక వ్యక్తి తేల్చుకోలేని విషయాన్ని పదిమంది కలిసి తేల్చడమే ప్రజాస్వామ్యం. ఈ అంశాన్ని సమగ్ర దృక్పథంతో, బహుముఖ కోణాల్లో పరిశీలించవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉంది" అన్నారు. ఆ విధంగా సంచి ఎంపిక కమిటీ ఏర్పడింది. నేను సభ్య కార్యదర్శిని.

అన్ని శాఖలవాళ్ళనీ పిలిచాం. పిలవకపోతే రేపు మమ్మల్ని అడగలేదంటారు. రోడ్ల శాఖ ఇంజనీరు గారు ముందు లేచి, "సంచి అనేది మౌలికంగా ఒక నిర్మాణం" అన్నారు. అందరూ నోట్ చేసుకున్నారు. తోలు సంచి అయితే అది ఏ జంతువు తోలో, ఆ జంతువు సహజంగా పోయిందో లేదో ధ్రువపత్రం కావాలని పశువుల డాక్టరు గారు అనడంతో తోలు మాట అక్కడితో వదిలేశాం. గతానుభవం దృష్ట్యా సంచి నీళ్ళలో తేలాలని మత్స్యశాఖ కోరింది.

"పాత సంచి తేలిందండి" అన్నాడు ప్రభుదాసు.

"కెమెరాతో సహా తేలాలి."

మంటకి అంటుకోకూడదని అగ్నిమాపకం, పైనుంచి పడినా దెబ్బ తగలకుండా లోపలంతా మెత్తలుండాలని విపత్తులవాళ్ళు. శాలువాలు, జ్ఞాపికలు, వేదిక మీద పరిచే తివాచీ కూడా ఆ సంచిలోనే పట్టాలని ప్రొటోకాల్ ఆయన. ఫొటోగ్రాఫరు ఎలాగూ వెళ్తున్నాడు కదా అని ఆయన వాదన. నిజమే కదా.

చివరికి ఆడిట్ ప్రతినిధి లేచాడు. సన్నగా ఉంటాడు, సన్నగా మాట్లాడతాడు. "ప్రభుత్వ వస్తువులను అవి భద్రపరచిన చోటనే అధికారి స్వయంగా నిలబడి తనిఖీ చేయవలెనని నియమం. కనుక సంచిలో అధికారి నిలబడుటకు వీలుండవలెను" అన్నాడు.

అందరూ ఇదీ నోట్ చేసుకున్నారు. తర్వాత ఇంజనీరు గారు, "ఎత్తెంత ఉండాలి?" అని అడిగారు. అందరం పట్టాభిరామారావు గారి వైపు చూశాం. ఆయన మా జిల్లాలోకెల్లా పొడుగరి. ఆయన్ని నిలబెట్టి కొలత తీసుకున్నాం.

"మరి నేనెలా మొయ్యనండి?" అన్నాడు ప్రభుదాసు.

"మోత అన్నది అమలు దశలో వచ్చే విషయం. మనం ఇంకా విధాన దశలో ఉన్నాం" అన్నారు పట్టాభిరామారావు గారు.

సంచి కుట్టే పని పెళ్ళిళ్ళకి షామియానాలు వేసేవాళ్ళకిచ్చాం. మా ఆఫీసు పెరట్లోనే కుట్టారు. సత్యవేణి మధ్యమధ్య వస్తూనే ఉంది. ఒకరోజు మేం కమిటీవాళ్ళం పెరట్లో పెసరట్లు తింటూ పని చూస్తుంటే ఆవిడ వచ్చి ఆ గుడ్డ కేసి కన్నార్పకుండా చూసింది.

"గుడారం ఏసుకుంటున్నారాండి?"

"సంచమ్మా" అన్నాను.

"ఏటండీ బాబూ, కెమెరా అంత పెద్దదా?"

దానికి పట్టాభిరామారావు గారే జవాబిచ్చారు. "చూడమ్మా. నీ సహనాన్ని ప్రభుత్వం సానుకూలంగా గుర్తించింది."

"నా గోడని కూడా గుర్తిత్తే బాగుణ్ణండి. పిల్ల వచ్చేసింది. వానలకి మిగిలిన గోడలు కూడా కరుగుతున్నాయండి. ఒక్క తడిక, ఒకే ఒక్క తడిక కట్టుకోనియ్యండి."

"తొందరపడకు. ఇన్నాళ్ళూ ఆగావు, ఇప్పుడు తడిక కట్టి అంతా చెడగొట్టుకుంటావా?" అన్నాను. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మాకు చేతులు ఎంగిలిగా ఉండటంచేత ఓదార్చలేకపోయాం.

సంచి తయారైంది. చూసి తీరాల్సిందే. వాన చుక్క దిగని టార్పాలిను, లోపల చుట్టూ మందపాటి మెత్తలు, లెన్సులకి ప్రత్యేకంగా దూదిపరుపు పరిచిన అరలు, గాలి ఆడటానికి వల కిటికీ, నిలువెత్తు జిప్పు తలుపు, కిందంతా తేలడానికి గాలిగొట్టాలు. పైన మోసుకోవడానికి రెండు పట్టీలున్నాయి. పట్టీలు లేకపోతే అది సంచి కాదని ఇంజనీరు గారు పట్టుబట్టారు. కొబ్బరికాయ కొట్టాం. కెమెరాని బీరువాలోంచి తీసి సంచిలో కొక్కేనికి తగిలించాం. నాకు ఒళ్ళు పులకరించింది, అబద్ధమెందుకు.

లారీ మీద రేవు దాకా, అక్కణ్ణుంచి పంటు పడవ మీద లంకకి, సంచితో పాటు కమిటీ మొత్తం బయల్దేరాం. దిగేసరికి వాన అందుకుంది. సంచిని సత్యవేణి ఇంటి ముందు నిలబెట్టాం. ఇల్లంటే ఇల్లు లేదు. మేం వచ్చేలోపే అన్ని గోడలూ కరిగి, తాటాకు కప్పు మట్టిలో కూరుకుపోయి ఉంది. పడిన స్థితిని ఇల్లు తనంతట తనే మార్చుకుంది. అది నిబంధనకి విరుద్ధం, కానీ ఇంటి మీద చర్య తీసుకునే అధికారం నాకు లేదు. తల్లీకూతుళ్ళు కొబ్బరిచెట్లకి కట్టిన చిరుగుల పరదా కింద తడుస్తూ నిలబడ్డారు. భవాని కడుపు పట్టుకుని వంగి ఉంది.

ప్రభుదాసు సంచిలోకి వెళ్ళి కెమెరా మెడలో వేసుకుని బయటికి రాబోయాడు.

"ఆగు. ఎక్కడికి?" అన్నాను.

"ఫొటో తీయడానికండి."

"కెమెరా బయటికి తెస్తావా? ఉన్నంతసేపూ అని ఉంది, చదవలేదా?"

"పోనీ తలుపు తీసి లోపల్నించే తీత్తానండి."

"తలుపు తీసి ఉంచితే అది సంచి కాదు, తెర" అన్నారు ఇంజనీరు గారు.

"మరి ఇల్లెలా తీయనండి సార్? ఇల్లు బయటుంది కదా."

ఇది నిజంగా చిక్కే. పట్టాభిరామారావు గారు వానలోనే కళ్ళజోడు తీసి తుడిచారు. "ఇల్లు లోపలికి రాలేదు. ఇల్లాలు రాగలదు. ఇంటిని చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. ఇల్లాలిని చూసి ఇంటిని ఎందుకు చూడకూడదు?" అన్నారు. ఎంత చదువుకుంటే వస్తుంది ఆ మాట.

తల్లినీ కూతుర్నీ లోపలికి పిలిచి, జిప్పు వేసి, ఫొటో తీశాం. తర్వాత ఊళ్ళో ఇళ్ళు కూలినవాళ్ళందర్నీ వరసగా పిలిచి తీశాం. వానలో వరస కట్టి, ఒక్కో కుటుంబం లోపలికొచ్చి, మెత్తల మీద ఆనుకుని, వెచ్చగా ఉందని నవ్వి మరీ ఫొటో దిగింది. ప్రభుదాసు ఫొటోలున్న కార్డు తీసి జేబులో పెట్టుకున్నాడు. కార్డు సంచిలోనే ఉండాలని ఎక్కడా లేదు.

వెళ్ళబోతుండగా భవానికి నొప్పులు మొదలయ్యాయి. ఏరు పొంగుతోంది, పంటు కట్టేశారు. ఊరి ఆశా కార్యకర్త నూకరత్నం పరిగెత్తుకొచ్చి, ఆ పిల్ల చెయ్యి పట్టి చూసి, ఊరంతా కలయజూసింది. తడవని చోటు ఒక్కటే ఉంది. సరాసరి దాంట్లోకి తీసుకెళ్ళిపోయింది.

"మగోళ్ళంతా బయటికి నడవండి."

"అమ్మా, ఇది ప్రభుత్వ సంచి. లోపల ప్రభుత్వ కెమెరా ఉంది" అన్నారు పట్టాభిరామారావు గారు.

"అదేం మగోడు కాదుగా, ఉండనియ్యండి. ముందు మీరు నడవండి బాబూ."

జిప్పు పడింది. కమిటీ యావత్తూ వానలో నిలబడింది. సంచి బయట వాన ఇంత గట్టిగా పడుతుందని మాలో ఎవరికీ తెలియదు. చాలాసేపటికి లోపల్నించి పసిగుడ్డు ఏడుపు వినబడింది. ఆడపిల్ల. ఏడుపు చాలా సన్నగా వినబడింది, మెత్తల నాణ్యత అలాంటిది.

ఇక పురిటిగదిలోకి మగవాళ్ళు వెళ్ళకూడదు కదా. పురుడు తీరేదాకా బాలింతని కదపకూడదు. ఆచారాన్ని ప్రభుత్వం మాత్రం ఎలా కాదంటుంది? కెమెరా ఆమోదిత సంచిలోనే ఉంది కాబట్టి నిబంధనకీ లోటు లేదు. పంటు మళ్ళీ కదలగానే కార్డు తీసుకుని మేం వచ్చేశాం, ఫొటోలు పైకి పంపాం.

పైనుంచి జవాబు మా శాఖ చరిత్రలో ఎన్నడూ లేనంత త్వరగా వచ్చింది. "ఛాయాచిత్రములను నిశితముగా పరిశీలించడమైనది. దరఖాస్తుదారులందరూ వాన చొరబడని, మెత్తని లోపలి అమరిక గల, నాణ్యమైన స్వంత నివాసములలో క్షేమముగా ఉన్నట్లు కనబడుచున్నది. ఇండ్లు కూలిన ఆనవాళ్ళు లేవు. కావున సాయము అవసరము లేదు. ఛాయాచిత్రముల నాణ్యత ప్రశంసనీయము."

పురుడు తీరాక ఆ కాగితం అందించి, సంచి వెనక్కి తెద్దామని నేనూ ప్రభుదాసూ లంకకి వెళ్ళాం. సంచి ముందు ముగ్గు వేసి ఉంది. లోపల ఒక పక్క పొయ్యి, ఒక పక్క నులకమంచం. లెన్సు అరలో, దూదిపరుపు మీద పసిది నిద్రపోతోంది. కొక్కేనికి కెమెరా, దాని పక్కనే వేపమండ.

సత్యవేణి ఆ కాగితం నాచేత రెండుసార్లు చదివించుకుంది.

"అంటే ఇది మా సొంతిల్లని రాశారాండి?"

"పైవాళ్ళు రాశారు."

"ఎవరు రాత్తేనేం, సర్కారే కదండీ." ఆవిడ గొంతు పెద్దదైంది. "మట్టి తొక్కించుకుని కూర్చున్నానండి. తడికన్నా కట్టుకుంటానంటే నేరమన్నారు. నా కళ్ళముందే మిగిలిన మూడు గోడలూ కరిగిపోయాయి. నిండు చూలాలు వానలో నిలబడిందండి. అప్పుడు రాని సర్కారు ఇప్పుడు సంచి కోసం వచ్చిందా? ఇది సంచైతే మీరట్టుకెళ్ళండి. ఇల్లయితే గుమ్మం అవతల నిలబడి మాట్లాడండి."

నేను గుమ్మం అవతల నిలబడ్డాను. ఏం చేయను? రికార్డులో నివాసం అని ఉంది. పట్టాభిరామారావు గారిని అడిగితే, "మన రికార్డుని మనమే కాదంటే రేపు దాన్ని ఎవడు నమ్ముతాడయ్యా?" అన్నారు. అటు మా ఆఫీసు లెక్కల్లో అది సంచిగానే ఉంది. కాబట్టి ప్రస్తుతానికి అది నివాసమూ అవును, సంచీ అవును. కెమెరా కూడా అక్కడే. రిబ్బన్లు కత్తిరించే పెద్దలంతా ఈమధ్య లంకకే వచ్చి, ఆ సంచిలో నిలబడి కత్తిరించి వెళ్తున్నారు. వచ్చినవాళ్ళకి సత్యవేణి మజ్జిగిస్తుంది.

దీపావళి వెళ్ళాక గాలివాన వచ్చింది. సంచి పట్టీ ఒకటి తెగింది. ఆ కబురు అందిన పూటే మా ఆఫీసు కదిలింది. ప్రభుత్వ ఆస్తి మరి. షామియానావాళ్ళని, ఇంజనీరు గారిని పడవ ఎక్కించి తీసుకెళ్ళి, రెండు పట్టీలూ కొత్తవి కుట్టించి, గాలికి ఊగకుండా చుట్టూ గుంజలు పాతించి, పైకప్పు మీద ఇంకో పొర కూడా వేయించాను. ఊళ్ళో మిగతావాళ్ళు పరదాల కిందనుంచి బయటికొచ్చి, చుట్టూ నిలబడి ఆ పనంతా చూశారు. గాలివానకి వాళ్ళ పరదాలు కూడా చిరిగాయి, కానీ అవి మావి కావు.

పని అయిపోయాక ఏడుకొండలనే ముసలాయన నా దగ్గరికొచ్చి చేతులు కట్టుకున్నాడు.

"అయ్యా, మా ఇళ్ళు పోయాయని రాయించుకోడానికి నెలల తరబడి తిరిగామండి. ఇంక ఇళ్ళని రాయకండి. మావి కూడా సంచులని రాసుకోండి."

నేను నిబంధనలన్నీ తిరగేశాను. అడ్డేమీ కనబడలేదు. చిక్కు ఒక్కటే, సంచి అనిపించుకోవాలంటే లోపల కెమెరా ఉండాలి. అందుకని లంకలో కుటుంబానికొక కెమెరా చొప్పున మంజూరు చేయమని పైకి రాశాను. ఇళ్ళయితే కష్టమయ్యేది గానీ, కెమెరాలయితే ఇబ్బంది లేదని వెంటనే జవాబొచ్చింది.